ఆ శనివారం వాన పడి ఉంటే

కారు తలుపు తీయగానే తడిసిన ఆకుల వాసన గుప్పుమంది. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున వెలిసింది. హాకింగ్ హిల్స్ లోయలో రాళ్లింకా చెమ్మగానే ఉన్నాయి, హెమ్లాక్ కొమ్మల నుంచి నీళ్లు ఒక్కో బొట్టుగా రాలుతున్నాయి. కొలంబస్ నుంచి పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ ఒక్కదాన్నే వచ్చాను. బూట్ల లేసులు బిగించుకుంటూ, ఆ వాసన పీలుస్తూ, అలవాటుగా పక్కకి చూశాను. ఎవరో అమెరికన్ పెద్దాయన తన కుక్కకి నీళ్లు పెడుతున్నాడు. భాస్కర్ గారు ఉండి ఉంటే ఈపాటికి నా బ్యాగు ఎత్తి చూసి, ఇందులో ఇటుకలు పెట్టావా అని అడిగి ఉండేవారు. ఆయన ఒహాయో వదిలిపెట్టి మూడో ఏడు నడుస్తోంది. ఈ రాష్ట్రంలో ఏ కొండ ఎక్కినా, ఏ వాగు పక్కన నడిచినా ముందు ఆయన, ఆ వెంటనే ఆయన కూతురు మేఘన గుర్తొస్తారు. నడక నేర్పినవాళ్లు అక్కడెక్కడో ఉండి, నేర్చుకున్న నేను ఇక్కడ తిరుగుతున్నానే అని మనసు పీకుతుంది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూడదగ్గ మనిషి, అందుకని రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో కొలంబస్ వచ్చిన కొత్తలో ఆయన మా ప్రాజెక్ట్ లీడ్. వారిది జగిత్యాల దగ్గర పల్లె, నాది నరసాపురం. మా ఆఫీసులో సగం మంది తెలుగువాళ్లే. నేను వచ్చి నెల తిరక్కముందే హాకింగ్ హిల్స్ ట్రిప్ అన్నారు, ఎగిరి గంతేశాను. మనవాళ్ల ట్రిప్ ఎలా ఉంటుందో చెప్పాలా? ఏడింటికి బయల్దేరాల్సిన కార్లు పదకొండింటికి కదిలాయి. అల్యూమినియం ట్రేలలో పులిహోర, చికెన్ బిర్యానీ, గారెలు, పెరుగన్నం. ఒకావిడైతే ఏకంగా ఇడ్లీ కుక్కరే మోసుకొచ్చింది. పార్కింగ్ పక్కనున్న షెల్టర్‌లో ట్రేలు పరిచాం, తిన్నాం, అంత్యాక్షరి ఆడాం, మెట్లు దిగి మొదటి జలపాతం ముందు వరసగా నిలబడి ఫోటోలు దిగాం, మళ్లీ పైకొచ్చి మిగిలిన పులిహోర కూడా ఖాళీ చేశాం. చీకటి పడేసరికి ఇళ్లకి చేరి, హాకింగ్ హిల్స్ కవర్ చేసేశాం అని స్టేటస్‌లు పెట్టుకున్నాం.

సోమవారం కాఫీ మెషిన్ దగ్గర భాస్కర్ గారు ఏం చూసొచ్చావని అడిగారు. వాటర్‌ఫాల్ చూశానన్నాను. పైదా, కిందదా అన్నారు. రెండున్నాయన్న సంగతే నాకు తెలీదు. గుహ చూశావా అంటే లేదన్నాను, రాతి వంతెన అంటే తెల్లమొహం వేశాను. అన్నీ విని, కప్పులో చక్కెర కలుపుకుంటూ తీరిగ్గా ఒక మాట అన్నారు.

"అట్లయితే నువ్వు హాకింగ్ హిల్స్ పార్కింగ్ లాట్ చూసొచ్చినవ్ గ్రేసమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త ఉద్యోగం, ఎదురుగా ఉన్నది లీడ్, ఏమనగలను? పళ్లికిలించి సీటుకి వెళ్లిపోయాను. ఆ వారమంతా ఆయన బగ్ రిపోర్ట్‌లు అడిగితే ముక్తసరిగా జవాబు చెప్పాను. ఆయన పట్టించుకుంటే కదా. శుక్రవారం సాయంత్రం వాళ్లావిడ సరళ గారు ఫోన్ చేసి, రేపు పొద్దున ఆరున్నరకి తయారుగా ఉండు, తిండి సంగతి నేను చూసుకుంటా అన్నారు. ముక్కూమొహం తెలియని మనిషి అంత చనువుగా పిలిస్తే కాదనలేకపోయాను. మొదటి నడక పూర్తయ్యేసరికి ఆవిడ నాకు సరళ వదిన అయిపోయింది. ఆయన మాత్రం చివరిదాకా భాస్కర్ గారే.

ఆ మొదటి నడక కాంకిల్స్ హాలో. లోయ అంచు మీదుగా చుట్టూ తిరిగే దారి. ఒక పక్క పైన్ చెట్లు, రెండో పక్క అడుగు జారితే అంతే. నేను కాటన్ చుడీదార్, కాన్వాస్ బూట్లతో వెళ్లాను. సగం దారిలోనే ఆయాసం, పైగా ఆకలి. సరళ వదిన బ్యాగులోంచి సద్దిరొట్టెల వాసన, వెల్లుల్లి కారం వాసన వస్తూనే ఉంది. వాళ్లింటి పద్ధతేమిటంటే, దారిలో తిండి ముట్టకూడదు. చివరిదాకా వెళ్లాలి, కూర్చోవాలి, డబ్బా తెరిచేముందు ఒక్కొక్కరూ మిగతావాళ్లు గమనించనిది, తాము చూసింది ఒకటి చెప్పాలి. అదీ తెలుగులో. చెప్పలేకపోతే చెప్పేదాకా రొట్టె లేదు. సరళ వదిన చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూసింది. అప్పటికి హైస్కూల్‌లో చదువుతున్న మేఘన కాసేపు ఆలోచించి, "నేను ఒక రెడ్ పురుగు చూశాను, దానికి వైట్ చుక్కలు ఉంది, అది వాళ్ల పిల్లలని మోస్తుంది," అంది. భాస్కర్ గారు ఆ అమెరికన్ తెలుగుని దిద్దలేదు. మురిసిపోయి చూశారంతే. నా వంతు వచ్చింది. నా బూట్లు తప్ప నేనేమీ చూడలేదు. నిజంగానే ఆ రోజు నాకు రొట్టె ఇవ్వలేదు, లేచి నాలుగడుగులు వేసి ఒక నాచుపట్టిన రాయి మీద చిన్న కప్పని కనిపెట్టి వచ్చాకే పెట్టారు. మేఘన చప్పట్లు కొట్టింది. ఇరవయ్యారేళ్ల నన్ను ఆంటీ అని పిలిచిన పాపానికి ఆ చప్పట్లతో దాన్ని క్షమించేశాను.

రొట్టెలయ్యాక తల్లీకూతుళ్లు ముందు నడిచారు. ప్రతి శనివారం ఇలా వస్తారా, బోర్ కొట్టదా అని భాస్కర్ గారిని అడిగాను. ఇంకా ఐదారేళ్లే కదమ్మా అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. గ్రీన్ కార్డ్ వరసలో మనిషి ఎక్కడ పుట్టాడన్నదే లెక్క, ఇండియాలో పుట్టినవాళ్ల వరస ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. తండ్రి హెచ్-1బి అనే పని వీసా మీద ఉంటే పిల్లలు ఆయన వెంట ఉండొచ్చు, కానీ ఇరవై ఒకటి నిండేదాకానే. ఆలోపు కార్డ్ రాకపోతే బిడ్డ తన దారి తాను చూసుకోవాలి, అవసరమైతే దేశం విడిచి పోవాలి. మేఘనని మూడేళ్లప్పుడు తీసుకొచ్చారు. జగిత్యాల దానికి సెలవుల్లో రెండుసార్లు చూసిన ఊరు. "తిరుపతిల సర్వదర్శనం లైన్ గూడ ఒకనాటికి కదుల్తది. కదులుతదనే నమ్మకం," అని నవ్వారు. కదిలేలోగా అది పెరిగిన ఊరుని దానికి పూర్తిగా చూపిస్తానని, ఒకవేళ కదలకపోయినా చూసింది ఎవరూ లాక్కోలేరు కదా అని అన్నారు. ఆ తరువాత ఏ నడకకి వెళ్లినా ఆ గడువు మా నలుగురితో పాటు నడిచేది. దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇక నా సంగతి. ఒకసారి ఉప్మారవ్వ ఇవ్వడానికని వదినా ఆయనా నా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. హాల్లో గాలి నింపుకునే పరుపు, అట్టపెట్టె మీద ల్యాప్‌టాప్, గోడవారగా విప్పని రెండు సూట్‌కేసులు. కిటికీలకి కర్టెన్ల బదులు నరసాపురం నుంచి తెచ్చిన దుప్పటి. వాళ్లని కూర్చోమనడానికి నా ఇంట్లో కుర్చీ లేదు. కాస్త సిగ్గుపడి, కార్డ్ వచ్చాక అన్నీ కొనుక్కుంటానండీ, ఎప్పుడు పొమ్మంటారో తెలీదు కదా అన్నాను. ఆయన నిలబడే అంతా ఒకసారి కలయజూశారు.

"ఈడ బతుకుతున్నవా, ఎయిర్‌పోర్ట్‌ల కూసున్నవా?"

వదిన ఆయన్ని కసిరింది, ఆడపిల్లతో అనే మాటలా అవి అని. నేను నవ్వేశాను గానీ ఆ రాత్రి పరుపు మీద పడుకుంటే మాట గుచ్చుకుంది. నిజమే, రెండేళ్లుగా నేను బోర్డింగ్ పాస్ చేతిలో పట్టుకున్నదానిలాగే కూర్చున్నాను. స్నేహితులు వద్దు, వెళ్లిపోతాం కదా. మొక్క వద్దు, ఎవరికివ్వాలి. చర్చిలో క్వయర్‌కి రమ్మంటే కూడా ఏమో అండీ చూద్దాం అని తప్పించుకుంటూ వచ్చాను. మరుసటి వారం మంచం కొన్నాను, బల్ల కొన్నాను, మంచి నడక బూట్లు కొన్నాను. ఆదివారం పాట పాడటం మొదలుపెట్టాను. ఇవాళ నాకు ఈ ఊళ్లో ఒక జీవితం ఉందంటే అది ఆ ఒక్క మాటతో మొదలైంది. అప్పట్లో ఆ మాట వెనక ఆయన ఏం పోగొట్టుకున్నారో నాకు తెలీదు. తెలిసి ఉంటే అంత తేలిగ్గా నవ్వేదాన్ని కాదు.

అలా ఏళ్ల తరబడి తిరిగాం. ఏప్రిల్ అంటే క్లిఫ్టన్ గార్జ్. బండల మధ్య ఇరుక్కుని ఉరికే ఏరు, ఒడ్డు పొడుగునా నీలం పూలు. ఎండాకాలం కుయహోగా లోయలోని లెడ్జెస్, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాతిగోడల మధ్య చల్లగా నడిచి, సాయంత్రం పడమటి అంచు మీద కూర్చునేవాళ్లం. జనవరిలో యాష్ కేవ్. పైనుంచి పడే సన్నటి ధార గడ్డకట్టి, నేల మీద మంచు పుట్టలా పెరిగేది. చలికి మూతులు బిగుసుకుపోయి తెలుగు మాటలు సరిగా పలకకపోతే, అదీ ఒక సాకేనా అని రొట్టెలు ఆపేవారు భాస్కర్ గారు. ఎక్కడికెళ్లినా మేఘన రాయిని తడిమి చూసేది. ఇది శాండ్‌స్టోన్, ఇది లైమ్‌స్టోన్, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది అని మాకు పాఠం చెప్పేది. పిట్ట కొంచెం కూత ఘనం. ఒక వసంతంలో క్లిఫ్టన్ గార్జ్ దగ్గర వెడల్పు టోపీ పెట్టుకున్న ఒక పార్క్ రేంజర్ పిల్లల గుంపుకి పూల పేర్లు చెబుతుంటే చివరిదాకా నిలబడి విని, నేను కూడా ఇదే జాబ్ చేస్తా నాన్నా, ఒహాయోలోనే, అంది. అలాంటి ప్రభుత్వ ఉద్యోగాలకి కార్డ్ లేనిదే అప్లై కూడా చేయలేరేమో అని నాకు అనిపించింది, పైకి అనలేదు. భాస్కర్ గారు చెయ్యి బిడ్డా, టోపీ నీకు మంచిగుంటది అన్నారు. తరువాత ఏటివైపు తిరిగారు. వదిన నా చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించింది.

నాకు కార్డ్ ముందొచ్చింది. ఎలాగంటారా, మా అమ్మ ఒకప్పుడు కువైట్‌లో నర్సు. నేను అక్కడ పుట్టాను. పది నెలలు నిండకుండానే నన్ను అమ్మమ్మ చేతిలో పెట్టి, నరసాపురంలో వదిలేసి ఆవిడ తిరిగి డ్యూటీకి వెళ్లిపోయింది. కువైట్ నాకు ఒక మసకబారిన ఫోటో, అంతే. కానీ వరస పుట్టిన దేశాన్ని బట్టి కదా, నాది ఇండియా వరస కాదు. కంపెనీ అప్లై చేసిన రెండో ఏడే కార్డ్ పోస్టులో వచ్చి పడింది. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు, దేవుని కృప అని చప్పట్లు కొట్టారు. నేను కూడా స్తోత్రం చెప్పాను. ఇంటికొచ్చాక భాస్కర్ గారికి ఎలా చెప్పాలో తెలీక రెండు శనివారాలు ఒంట్లో బాగాలేదని ఎగ్గొట్టాను.

మూడో వారం మొహికన్ అడవిలో, లయన్స్ ఫాల్స్ దారిలో చెప్పేశాను. ఆయన ఆగలేదు, అదే వేగంతో నడుస్తూ, మంచిగైంది గ్రేసమ్మా, మీ అమ్మకు ఫోన్ చేసి దండం పెట్టు అన్నారు. సంతోషం నిజంగానే ఉంది ఆ గొంతులో, దాన్ని నేను అనుమానించను. వెనకనుంచి వస్తున్న మేఘన విన్నది. అప్పుడు దానికి పద్దెనిమిది, కాలేజీలో చేరిన ఏడాది.

"కువైట్‌లో ఎంతకాలం ఉన్నారు ఆంటీ?" అని అడిగింది.

పది నెలలు అన్నాను.

"నేను ఇక్కడ ఫిఫ్టీన్ ఇయర్స్ ఉన్నాను," అంది. కోపంగా అనలేదు. తన లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు అంది. జలపాతం దగ్గర కూర్చున్నాక ఆ రోజు ఎవరేం చూశారో ఎవరూ అడగలేదు. వదిన డబ్బా తెరిచేసి అందరికీ రొట్టెలు పంచేసింది. నా రొట్టె బండ మీద పెట్టేశాను. నేనేం తప్పు చేశానని? ఏమీ చేయలేదు. అయినా ఆ పిల్ల ఎదుట కూర్చుని తినడం నా వల్ల కాలేదు. ఇవాళ్టికీ, ఎవరైనా కార్డ్ వచ్చిందని స్వీట్లు పంచితే నాకు ఆ బండ మీద ఆరిపోయిన రొట్టె గుర్తొస్తుంది.

మేఘనకి ఇరవై ఒకటి నిండింది. భాస్కర్ గారి వరస రాలేదు. స్టూడెంట్ వీసాకి మారి చదువు పూర్తి చేసింది. నేలలు, నీళ్ల గురించిన చదువు. ఉద్యోగం కూడా వచ్చింది, కానీ ఆ కంపెనీ వేసిన హెచ్-1బి లాటరీలో పేరు రాలేదు. చివరికి టొరంటోలో పై చదువుకి సీటు తెచ్చుకుంది. వెళ్లే ముందు శనివారం ఎక్కడికైనా పోదామా అని నేను అడిగితే వద్దంది. ఎయిర్‌పోర్ట్‌లో కళ్లు తుడుచుకోకుండా, తల్లి భుజం మీద తట్టి, సెక్యూరిటీ వరసలోకి వెళ్లిపోయింది. తను పెరిగిన ఊరికి మళ్లీ రావాలంటే ఇప్పుడు ఆ పిల్లకి విజిటర్ వీసా కావాలి. ఈ సంగతి మా అమ్మకి ఫోన్‌లో చెబితే, నేనే ఏదో తప్పుగా అర్థం చేసుకున్నానని అనుకుంది.

ఆ తరువాత శనివారం పొద్దున్నే బూట్లు వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. భాస్కర్ గారు లుంగీతో, చెప్పులతో తలుపు తీశారు. మోకాళ్లు నొస్తున్నయమ్మా, నువ్వు పోయిరా అన్నారు. ఆయన మోకాళ్లకి ఏ రోగమూ లేదు. నేను కదలకుండా సోఫాలో కూర్చున్నాను. వదిన టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. టీవీ కట్టేసి ఆయన చెప్పిన సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

మేఘనకి పదకొండేళ్లప్పుడు వాళ్లకి కెనడాలో స్థిరపడే అనుమతి వచ్చిందట, ముగ్గురికీ. టొరంటోలో అద్దె ఇల్లు కూడా చూసుకున్నారు. కొంత సామాను అమ్మేశారు. అక్కడికి వెళ్లిపోతే ఈ గడువు, ఈ వరస ఏదీ ఉండేది కాదు. బయల్దేరే వారం ముందు శనివారం, చివరిసారి చూసి పోదామని హాకింగ్ హిల్స్‌కి వెళ్లారు. అక్టోబర్ నెల. మబ్బు తునక లేదట. ఆకులన్నీ పండి, ఎండ పడి, లోయంతా వెలిగిపోతోందట. సీడర్ ఫాల్స్ దగ్గర బండ మీద కూర్చుని మేఘన, ఇక్కడే ఉందాం నాన్నా అందట. వదిన ఆయన మొహం చూసింది, ఆయన వదిన మొహం చూశారు. గ్రీన్ కార్డ్ డేట్లు కదులుతున్నాయి, రెండు మూడేళ్లలో వస్తుందిలే అని తిరిగొస్తూ కారులోనే నిర్ణయించేసుకున్నారు. ఆ ఏడాది నిజంగానే కాస్త కదిలాయి. ఆ తరువాత ఆగిపోయాయి. కెనడాకి వెళ్లాల్సిన గడువు దాటిపోయింది.

"ఆ శనివారం వాన పడ్డా బాగుండు గ్రేసమ్మా," అన్నారు. "బురదల రెండడుగులేసి వాపస్ వస్తుంటిమి. ఆ వారమే పోతుంటిమి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదిన వింటోందని ఇద్దరికీ తెలుసు. ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్నావా అని నన్ను అడిగిన మనిషి ఆయన. ఆయన మాత్రం ఒక్క నిమిషం కూడా ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోలేదు. ఈ నేలని తనదనుకున్నారు, కూతురికి ఇది నీదే అని చూపించారు. లెక్కలు వేసుకుని, మనసు పెట్టుకోకుండా, టికెట్ కొనుక్కుని వెళ్లిపోయిన ఆయన స్నేహితుల పిల్లలు ఈపాటికి కెనడా పౌరులయ్యారు. ప్రేమించినందుకు ఆయనకి శిక్ష పడింది. నాకు ఆ రోజు ఏడుపాగలేదు. సాకు కోసం టీ వేడిగా ఉందన్నాను. ఆయన ఊదుకుని తాగు అన్నారు.

ఏడాది తిరిగేసరికి కంపెనీ టొరంటో ఆఫీసుకి బదిలీ అడిగి తీసుకున్నారు. ఇన్నేళ్లు నిలబడ్డ వరసని వదిలేసి కూతురి దగ్గరకి వెళ్లిపోయారు. మంచి పని చేశారని అందరూ అన్నారు, నేనూ అన్నాను. వెళ్లేముందు ఒక్కసారి నడుద్దామా అని అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడిగి ఉంటే ఒప్పుకునేవారో లేదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఇప్పుడు ఆఫీసులోకి కొత్తగా వచ్చిన మన ఆడపిల్లల్ని నేను తీసుకెళుతున్నాను. తిండి చివర్లోనే, అదీ ఏదో ఒకటి చూసి చెప్పాకే. తిట్టుకుంటారు, మళ్లీ వస్తారు. రెండు వారాల క్రితం స్రవంతి అనే అమ్మాయి భర్తనీ ఏడేళ్ల కూతురినీ వెంటబెట్టుకుని వచ్చింది. కాంకిల్స్ హాలో అంచు మీద నిలబడి, కింద లోయలో రంగులు చూసింది.

"మేము కెనడాకి అప్లై చేద్దామనుకుంటున్నాం అక్కా," అంది. "ఇది చూశాక అస్సలు వెళ్లబుద్ధి కావట్లేదు."

ఆమె కూతురు కొంచెం దూరంలో బోర్లా పడుకుని ఏదో పురుగుని చూస్తోంది. మేఘన గురించి మొత్తం చెప్పాను, దాచకుండా. స్రవంతి మొహం పాలిపోయింది. అయితే వెళ్లిపోమంటారా, పాపని ఇలాంటి చోట్లకి తీసుకురావద్దంటారా అని అడిగింది. ఇన్నేళ్లు నాకు నేను వేసుకున్న ప్రశ్న అది. కనుక్కుని చెబుతానన్నాను.

ఆ సాయంత్రం టొరంటోకి ఫోన్ చేశాను. భాస్కర్ గారు ఇప్పుడు కూరగాయల మార్కెట్ దాకా తప్ప నడవరని వదిన చెబుతూ ఉంటుంది. స్రవంతి అడిగింది అడిగినట్టే ఆయనకి చెప్పాను.

"నడువుమను," అన్నారు. "పిల్లను కొండలెక్కియ్యమను, వాగులు చూపియ్యమను. కెనడా పేపర్లు గూడ పెట్టుకొమ్మను. రెండూ చెయ్యమను గ్రేసమ్మా. నేను ఒక్కటే చేసిన."

అదే మాట స్రవంతికి చెప్పాను, కొత్తగా వచ్చేవాళ్లందరికీ ఇకమీద చెబుతాను. ఫోన్ పెట్టేసే ముందు ఆయన, ఆకులు మారినయా అని అడిగారు. మారాయి, కాంకిల్స్ హాలో ఈ వారమే ఎర్రబడింది అన్నాను. రెండు ఫోటోలు పంపమన్నారు. మేఘనకు మాత్రం చెప్పకు, బాధపడ్తది అన్నారు.

సరేనన్నాను. మేఘన సంగతి ఆయనకి చెప్పలేదు. అక్టోబర్ రాగానే ఆ పిల్ల నాకు మెసేజ్ పెడుతుంది, ఫోటోలు పంపండి ఆంటీ అని. ప్రతిసారీ చివర్లో ఒక మాట రాస్తుంది, నాన్నకి చెప్పొద్దు, ఫీల్ అవుతాడు అని. టొరంటోలో ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో ఉంటారు తండ్రీకూతుళ్లు. నేను ఆయనకి విడిగా, ఆమెకి విడిగా అవే ఫోటోలు పంపుతున్నాను.